నొప్పుల సూది కోసం తొందరపెట్టకండి



లేబర్ రూమ్ బయట బెంచీ మీద కూర్చున్న బంధువుల నోట మేము తరచూ వినే మాట ఒకటుంది. "సిస్టరమ్మా, పొద్దుననగా వచ్చాం. ఏదో ఒక సూది వేసి తొందరగా కాన్పు చేయించెయ్యండి." కూతురు నొప్పులు పడుతుంటే చూడలేక అనేవాళ్లు కొందరు. ఊరికి చివరి బస్సు వెళ్లిపోతుందని అనేవాళ్లు కొందరు. ఎదురింటి అమ్మాయికి ఫలానా చోట మూడు గంటల్లో అయిపోయిందట, ఇక్కడేమిటి ఇంత ఆలస్యం అని నిష్ఠూరమాడేవాళ్లు మరికొందరు. వారిలో ఎవరికీ చెడు తలంపు లేదు. అయినా ఆ మాట గురించి ఈసారి నిర్మొహమాటంగా రాయాలనుకున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. అవసరం తేలకుండా నొప్పుల సూది అడగడం తప్పు. ఒత్తిడికి లోబడి మేము ఇవ్వడం అంతకంటే పెద్ద తప్పు. ఎందుకో వివరిస్తాను. ఇంట్లో గర్భిణి ఉన్నవాళ్లు దయచేసి చివరిదాకా చదవండి.

గేదె చెప్పిన పాఠం

కొన్నేళ్ల క్రిందట ఒక వేసవి సాయంత్రం ఆటోలో ఒకామెను తీసుకొచ్చారు. రెండో కాన్పు. ఊళ్లో ఎవరో ఇంటికి వచ్చి పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి సూదులు వేశారట. నొప్పులు ఊపిరి తీసుకోనివ్వకుండా ఒకదాని మీద ఒకటి వచ్చి, తరువాత మందగించాయి. మా దగ్గరికి వచ్చిన అరగంటకు బిడ్డ పుట్టాడు, గట్టిగా ఏడ్చాడు. దేవునికి స్తోత్రం అనుకున్నాం. మాయ కూడా పడింది. కానీ గర్భసంచి గట్టిపడలేదు. కాన్పయ్యాక పొట్ట మీద చెయ్యి వేస్తే గర్భసంచి గట్టి బంతిలా చేతికి తగలాలి. ఆమెకు పిండిముద్దలా మెత్తగా ఉంది. రక్తం ఆగడం లేదు. మామూలుగా ఇచ్చే మందు ఇచ్చాం, పొట్ట మీద మర్దన చేశాం, మళ్లీ మందు ఇచ్చాం. ఒక క్షణం ముడుచుకున్నట్టే ఉండి మళ్లీ వదులైపోయేది. డాక్టరమ్మ వేరే రకం మందులు వేసి, చివరకు రాత్రి పదింటికి రక్తాన్ని అదుపులోకి తెచ్చారు. సంఘంలోని ఇద్దరు యౌవనస్థులు రాత్రికి రాత్రి వచ్చి రక్తం ఇచ్చారు. తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికి వెళ్లారు.

మరునాడు నేను ఆ సూదుల సంగతి అడిగితే అత్తగారు ఆశ్చర్యపోయింది. "అదే సూది మా గేదెకు పూటపూటా వేస్తాం సిస్టరమ్మా, దానికేమీ కాలేదే!" అంది. "ఇప్పుడు ఆ గేదె సూది లేకుండా చేపుతుందా అమ్మా?" అని అడిగాను. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "లేదమ్మా, సూది పడకపోతే పొదుగులో చుక్క దిగదు. దూడను వదిలినా అంతే" అంది.

ఆమె చెప్పిన మాటలోనే అసలు సంగతంతా ఉంది. పాడి పశువులకు ఈ మందు రోజూ ఇస్తే, ఆపిన తరువాత వాటంతటవి పాలు చేపే గుణం తగ్గుతుందని పరిశోధనల్లో కూడా కనిపించింది. పశువు ఒంట్లో ఊరే మందు ఊరుతూనే ఉంటుంది, పొదుగు మాత్రం దానికి సరిగా స్పందించదు. రోజూ చచ్చేవాడికి ఏడ్చేవాడెవడు అన్నట్టు, అదేపనిగా వినిపించే పిలుపును ఒంట్లోని కణాలు పట్టించుకోవడం మానేస్తాయి.

కణం తలుపు ఎలా మూసుకుంటుంది?

ఆ సూది మందు పేరు ఆక్సిటోసిన్. దీన్ని మన మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి సహజంగానే విడుదల చేస్తుంది. 1906లో హెన్రీ డేల్ అనే శాస్త్రవేత్త ఆ గ్రంథి సారం గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుందని గమనించారు. 1953లో విన్సెంట్ డు విన్యో దాన్ని ప్రయోగశాలలో తయారు చేశారు. అందుకు గాను 1955లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటినుండి ఎందరో తల్లుల ప్రాణాలు కాపాడిన మందు అది. దానిని నేను నిందించడం లేదు.

ఆక్సిటోసిన్ గర్భసంచి కండరం లోపలికి పోదు. కణం పైపొరలో రిసెప్టర్ అనే ప్రోటీన్ ఉంటుంది, అది తలుపు వంటిది. ఆక్సిటోసిన్ బయట నిలబడి ఆ తలుపు తడుతుంది. లోపలి వైపు జి ప్రోటీన్ అనే మరొక ప్రోటీన్ కబురు మోసే పిల్లవాడిలా కాచుకుని ఉంటుంది. తలుపు తట్టగానే కబురు అందుకుని లోపలికి పరుగెత్తుతుంది. ఆ కబురు చేతులు మారి చివరకు కణంలో దాచి ఉన్న కాల్షియంను విడుదల చేయిస్తుంది. కాల్షియం విడుదలైతే కండరం ముడుచుకుంటుంది. మనం నొప్పి అనేది ఆ ముడుచుకోవడాన్నే. నెలలు నిండే కొద్దీ గర్భసంచిలో ఈ తలుపుల సంఖ్య ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే ఏడో నెలలో పట్టించుకోని పిలుపుకు తొమ్మిది నిండాక గర్భసంచి బదులు పలుకుతుంది.

మరి తలుపు ఆగకుండా తడుతూనే ఉంటే? కణానికి తన్ను తాను కాపాడుకునే ఏర్పాటు ఉంది. తట్టబడిన రిసెప్టర్ తోక కణం లోపలి వైపు వేలాడుతుంటుంది. జి.ఆర్.కె. అనే ఎంజైము వచ్చి ఆ తోకకు ఫాస్ఫేట్ ముక్కలు అంటిస్తుంది. దీన్నే ఫాస్ఫోరిలేషన్ అంటారు. ఫాస్ఫేట్ అంటిన తోకను చూసి అరెస్టిన్ అనే ప్రోటీన్ వచ్చి దానికి అతుక్కుని అడ్డంగా నిలబడుతుంది. అప్పుడు జి ప్రోటీన్ తలుపు దగ్గరికి రాలేదు. బయట ఎంత తట్టినా కబురు లోపలికి పోదు. ఇదంతా నిమిషాల్లో జరుగుతుంది. ఇంకా తడుతూ ఉంటే కణం ఆ తలుపునే ఊడదీసి లోపలికి లాగేసుకుంటుంది. కొంత విశ్రాంతి దొరికితే ఫాస్ఫేట్ ముక్కలు తొలగిపోయి తలుపు మళ్లీ తన చోటికి రాగలదు. విశ్రాంతి లేకుండా గంటల తరబడి సాగితే తలుపుల సంఖ్యే తగ్గిపోతుంది, కొత్తవి తయారు కావడం కూడా మందగిస్తుంది.

ఇది గర్భసంచికి మాత్రమే ఉన్న వింత కాదు. గుండె, ఊపిరితిత్తులు, మెదడు, కన్ను అన్నిటిలోనూ ఇటువంటి తలుపులే ఉన్నాయి. వీటి పనితీరు విప్పి చెప్పినవారిని ప్రపంచం ఎంతో గౌరవించింది. ఫాస్ఫేట్ అంటించడం, తీసివేయడం ద్వారా ప్రోటీన్ల పని ఎలా మారుతుందో చూపిన ఫిషర్, క్రెబ్స్‌లకు 1992లో, జి ప్రోటీన్లను కనుగొన్న గిల్మన్, రాడ్‌బెల్‌లకు 1994లో, రిసెప్టర్ల గుట్టు తెలిపిన లెఫ్కోవిట్జ్, కోబిల్కాలకు 2012లో నోబెల్ బహుమతులు వచ్చాయి. మనకూ ఇందులో గర్వపడే పాలు ఉంది. ఆ ఫాస్ఫేట్ ముక్క వచ్చేది ఎ.టి.పి. అనే అణువు నుండి. 1929లో దాన్ని కండరంలో కనుగొన్నవారిలో ఒకరు భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలో ఫిస్కేతో కలిసి ఆయన ఆ పని చేశారు. అదే కాలంలో జర్మనీలో లోమన్ కూడా దాన్ని కనుగొన్నారు.

అసలు ప్రమాదం కాన్పు తరువాత

తలుపులు మూసుకుంటే ఏమవుతుంది, నొప్పులు కాస్త తగ్గుతాయి, అంతే కదా అనుకోవచ్చు. అసలు ప్రమాదం బిడ్డ పుట్టాక మొదలవుతుంది. నిండు గర్భిణి గర్భసంచికి నిమిషానికి సుమారు అర లీటరు రక్తం ప్రవహిస్తుంది. మాయ ఊడిన చోట రక్తనాళాలు తెరుచుకుని ఉంటాయి. వాటికి కుట్లు వేసే వీలు లేదు. దేవుడు అక్కడ కండరపు పోగులను అల్లిక అల్లినట్టు అమర్చాడు. గర్భసంచి గట్టిగా ముడుచుకుంటే ఆ పోగులే రక్తనాళాలను నొక్కి పట్టి కట్టు కట్టినట్టు మూసివేస్తాయి. ముడుచుకోకపోతే నిమిషాలలో తల్లి ప్రాణం మీదికి వస్తుంది.

సరిగ్గా ఆ క్షణానికే గర్భసంచికి ఆక్సిటోసిన్ పిలుపు బాగా వినిపించాలి. అవసరం లేకుండా ముందే దాని చెవులు దిబ్బడలు పడేలా చేసి ఉంటే, ఆ వేళకు అది పలకదు. కెనడాలోని టొరంటో నగర వైద్యులు ఈ విషయాన్ని లెక్కగట్టి చూశారు. నొప్పులు మొదలు కాకముందే సిజేరియన్ చేసిన తల్లుల్లో గర్భసంచి ముడుచుకోవడానికి 0.35 యూనిట్ల ఆక్సిటోసిన్ సరిపోయిందని వారు 2004లో ప్రచురించారు. నొప్పుల కోసం ముందే ఆక్సిటోసిన్ డ్రిప్ పెట్టి, కాన్పు ముందుకు సాగక సిజేరియన్ చేసిన తల్లుల్లో సుమారు 3 యూనిట్లు కావలసి వచ్చిందని 2006లో తెలిపారు. దాదాపు తొమ్మిది రెట్లు! ఆపరేషన్‌లో తీసిన చిన్న కండరపు ముక్కలపై జరిపిన పరీక్షల్లో కూడా, ముందే ఆక్సిటోసిన్‌లో ఉంచిన కండరం తరువాత అదే మందుకు తక్కువగా ముడుచుకుంది.

ఒక తలుపు మూసుకుంటే వేరే తలుపులు తట్టే మందులు ఉన్నాయి. ఎర్గోమెట్రిన్, కార్బోప్రోస్ట్, మిసోప్రోస్టాల్ వేరువేరు రిసెప్టర్ల మీద పని చేస్తాయి. నేను చెప్పిన ఆ తల్లి బ్రతికింది వాటివల్లే. కానీ రక్తపోటు ఎక్కువగా ఉన్న తల్లికి ఎర్గోమెట్రిన్ ఇవ్వరాదు. ఉబ్బసం ఉన్న తల్లికి కార్బోప్రోస్ట్ ఇవ్వరాదు. రెండూ ఉన్న తల్లికి మొదటి తలుపు కూడా మూసుకుపోతే మా చేతిలో మిగిలేది ఎంత తక్కువో ఆలోచించండి. పైగా మన దేశంలో గర్భిణులలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అది 52.2 శాతం. ఒంట్లో రక్తమే తక్కువ ఉన్న తల్లి ఎంత పోగొట్టుకుని నిలబడగలదు?

2001–03లో మన దేశంలో లక్ష సజీవ జననాలకు 301 మంది తల్లులు చనిపోయేవారు. 2019–21 నాటికి ఆ సంఖ్య 93కు తగ్గింది. దేవునికి స్తోత్రం. ఆశా కార్యకర్తలు, నర్సులు, డాక్టర్లు, 108 అంబులెన్సు సిబ్బంది, కుటుంబాలు అందరూ కలిసి సాధించిన మేలు అది. మిగిలిన ఆ 93 మందిని కాపాడే పనిలో తొందరపాటు మనకు అడ్డు కాకూడదు.

అయితే సూదే వద్దా?

అలా అనుకోవద్దు. నా మాటను తప్పుగా తీసుకుంటే ఇంకొక ప్రమాదం. నొప్పులు నిజంగా బలహీనంగా ఉండి కాన్పు నిలిచిపోయినప్పుడు, ఉమ్మనీరు పోయి చాలాసేపయినప్పుడు, మరికొన్ని సందర్భాల్లో డాక్టరు ఆక్సిటోసిన్ డ్రిప్ పెడతారు. అవసరమైనచోట అది ఆపరేషన్‌ను తప్పించవచ్చు. అప్పుడు కాదనవద్దు. డ్రిప్‌లో చుక్కలు లెక్కపెట్టి ఇస్తాం, బిడ్డ గుండె చప్పుడు వింటూ ఉంటాం. పది నిమిషాల్లో ఐదు నొప్పులకు మించితే తగ్గిస్తాం లేదా ఆపేస్తాం. ఆపిన కొద్ది నిమిషాల్లోనే మందు ప్రభావం తగ్గుతుంది. ఇంటి దగ్గర కండకు వేసిన సూదిని అలా వెనక్కి తీసుకోలేం. నొప్పికీ నొప్పికీ మధ్య విరామంలోనే బిడ్డకు మాయ ద్వారా ప్రాణవాయువు బాగా అందుతుంది. ఆ విరామం లేకపోతే బిడ్డ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. ముందు సిజేరియన్ అయిన తల్లికైతే పాత కుట్టు దగ్గర గర్భసంచి చిరిగిపోవచ్చు కూడా.

అలాగే, బిడ్డ పుట్టిన వెంటనే ప్రతి తల్లికీ ఇచ్చే 10 యూనిట్ల ఆక్సిటోసిన్ వేరు. రక్తస్రావం రాకుండా అది ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. దాన్ని ఎవరూ వద్దనరాదు.

ఆలస్యం అంటే ఎంత?

నేను శిక్షణ పొందిన రోజుల్లో గర్భసంచి ముఖద్వారం గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలని నేర్పారు. అంతకంటే నెమ్మదిగా ఉంటే ఏదో లోపం ఉందనుకునేవాళ్లం. దాన్నే పట్టుకుని ఎన్ని డ్రిప్‌లు పెట్టామో! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఆ లెక్కను మార్చింది. గంటకు ఒక సెంటీమీటరు అనే కొలత అందరు తల్లులకూ సరిపడదని చెప్పింది. ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే అసలైన కాన్పు నొప్పులుగా లెక్కించాలి. అక్కడినుండి పూర్తిగా తెరుచుకోవడానికి తొలి కాన్పుకు 12 గంటల వరకు, తరువాతి కాన్పులకు 10 గంటల వరకు పట్టవచ్చు. 5 సెంటీమీటర్లకు ముందు దశ ఒక్కో తల్లికి ఒక్కోలా ఉంటుంది, దానికి గడువు లేదు. తల్లీ బిడ్డా బాగున్నంతవరకు ఆ దశలో తొందరపెట్టే మందులు ఇవ్వవద్దనే ఆ సూచనల సారాంశం.

ఇప్పుడు నా తప్పు కూడా ఒప్పుకోవాలి. చిన్న వయసులో, నేను పనిచేసిన ఒక చోట, డ్యూటీ మారేలోగా కాన్పులు ముగించే నర్సుకు మంచి పేరు వచ్చేది. బంధువులు తలుపు దగ్గర నిలబడి అడుగుతుంటే డ్రిప్ చుక్కలు కొంచెం పెంచిన రోజులు నాకూ ఉన్నాయి. "ఈ సిస్టర్ చెయ్యి మంచిది, తొందరగా అవుతుంది" అంటే పొంగిపోయేదాన్ని. కాన్పు తరువాత రక్తం ఎక్కువ పోయిన తల్లులను చూసి అప్పుడు విధి అనుకున్నాను. అందులో కొంత నా చేతి తొందర కూడా ఉండవచ్చునని ఇప్పుడు అనిపిస్తుంది. అందుకే మా వార్డులోని పిల్లలకు నేను చెప్పే మాట ఒకటే. గడియారం చూసి కాదు, తల్లిని చూసి చుక్కలు పెంచండి.

మీరు చేయవలసినవి

మీరు చేయగల మేలు సూది అడగడం కంటే చాలా పెద్దది. మొదటిది, కాన్పుకు బయలుదేరే ముందు ఊళ్లో ఎవరిచేతా నొప్పుల సూది వేయించకండి. ఈ మందును 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. ఎండలో సంచిలో తిరిగిన మందుకు బలం ఎంత మిగిలిందో ఎవరికీ తెలియదు. రెండవది, ఒకవేళ ఎవరైనా వేసి ఉంటే మా దగ్గర దాచకండి. కోప్పడతామని భయపడవద్దు. ఎన్ని సూదులు, ఏ వేళకు అన్నది తెలిస్తే మేము రక్తం, వేరే మందులు ముందే సిద్ధం చేసుకుంటాం. మూడవది, ఉబ్బసం, రక్తపోటు, ముందు ఆపరేషన్, ముందు కాన్పులో రక్తస్రావం ఉంటే అడగకుండానే చెప్పండి. నాలుగవది, నెలలు నిండేలోగా ఐరన్ మాత్రలు మానకుండా వేయించి, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. రక్తం ఇవ్వగలవాళ్లు ఇద్దరిని ముందే అనుకుని ఉంచండి.

ఇక కాన్పు గదిలో తల్లికి నచ్చిన ఒక మనిషి తోడు ఉండండి. అమ్మ కావచ్చు, అత్త కావచ్చు, అక్క కావచ్చు. ఆమెను లేపి నడిపించండి, నడుము రాయండి, డాక్టరు సరేనంటే మజ్జిగో జావో తాగించండి. భయపెట్టే కబుర్లు చెప్పకండి. సహజంగా ఒంట్లో ఆక్సిటోసిన్ విడతలు విడతలుగా, మధ్య మధ్య విశ్రాంతినిస్తూ విడుదలవుతుంది. ధైర్యంగా, నెమ్మదిగా ఉన్న తల్లికి ఆ పని సాఫీగా సాగుతుంది. బిడ్డ పుట్టిన గంటలోపు రొమ్ము అందించండి. బిడ్డ చీకుతుంటే తల్లి ఒంట్లో అదే ఆక్సిటోసిన్ ఊరి పాలు చేపుతాయి, గర్భసంచీ ముడుచుకుంటుంది.

నిర్గమకాండము మొదటి అధ్యాయంలో షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానుల సంగతి మీకు తెలుసు. రాజు ఆజ్ఞాపించినా వారు లొంగలేదు, దేవునికి భయపడి బిడ్డలను బ్రతకనిచ్చారు. మాకు ఏ రాజు ఆజ్ఞా లేదు. మమ్మల్ని తొందరపెట్టేది ప్రేమతో, ఆందోళనతో బయట కూర్చున్న మీరే. ఈసారి మా సిస్టర్లలో ఎవరైనా "ఇంకా సమయం ఉందమ్మా, ఆగుదాం" అంటే, ఆమె నిర్లక్ష్యం చేస్తోందని అనుకోకండి. బిడ్డ పుట్టాక రావలసిన ఆ ఒక్క గట్టి ముడుపు కోసం ఆమె గర్భసంచి బలాన్ని దాచి ఉంచుతోంది. ఆ వేళ ఆమెకు మీ ప్రార్థన, మీ ఓపిక తోడుగా ఉండనివ్వండి.

ప్రభువు మీ గృహాలలోని తల్లులను, పుట్టబోయే బిడ్డలను కాపాడును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్